జాగ్రత్త: చెన్నై దగ్గర "ఆదర్శ గ్రామం" పేరుతో అమ్ముతున్న సభ్యత్వాలు

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లు, ముఖ్యంగా ఓఎంఆర్ (ఐటీ కంపెనీలున్న రోడ్డు) వైపు ఉద్యోగాలు చేసేవాళ్లు, డబ్బు కట్టేముందు ఇది చదవండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద పుదుచ్చేరి వెళ్లే దారిలో "ఆదర్శ గ్రామం" కడుతున్నామంటూ ఒక సంస్థ తెలుగు కుటుంబాల దగ్గర అడ్వాన్సులు వసూలు చేస్తోంది. మేం రెండు లక్షలు కట్టాం. వద్దనుకున్నాక తిరిగి ఇవ్వమంటే ఇవ్వడం లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి సంస్థ పేరు రాయను, వాళ్ల పద్ధతి మాత్రం వివరంగా రాస్తాను.

హోటల్ హాల్లో మీటింగ్ పెట్టి, భోజనాలు పెట్టి, అన్నా, వదినా అని పలకరిస్తూ చక్కటి నెల్లూరు తెలుగులో చెబుతారు. ప్లాటు మాట చాలాసేపటి దాకా రాదు. ఇంగ్లండ్ రచయిత థామస్ మోర్ 1516లో ఊహించిన "యుటోపియా" దీవితో మొదలుపెడతారు. అక్కడ సొంత ఆస్తి ఉండదు, రోజుకి ఆరు గంటలే పని. తర్వాత ఉమ్మడి ఊళ్లు కట్టాలని చూసిన రాబర్ట్ ఓవెన్, అమెరికాలో అందరూ కలిసి బతకాలని పెట్టిన బ్రూక్ ఫామ్, దక్షిణాఫ్రికాలో గాంధీగారి టాల్‌స్టాయ్ ఫామ్, చివరికి పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ ఊళ్లోని ధ్యానమందిరం, మాతృమందిర్ ఫొటో. కలిసి పండించుకుని కలిసి తినే ఊరు మనకీ ఒకటి ఉండాలంటారు. ఆ కోరిక మాకు నిజంగానే ఉంది. ఈ సముదాయాల చరిత్ర నేను ఇష్టంగా చదువుకున్నది. దాన్ని ఇలా ఎరగా వాడుకోవడం చూస్తే కడుపు మండుతోంది.

ముందు ఆరోవిల్ సంగతి. "ఆరోవిల్ మోడల్" అన్న మాటే వాళ్ల అమ్మకానికి ప్రాణం. 1968 ఫిబ్రవరి 28న మొదలైన ఆ ఊరి చార్టర్‌లో మొదటి మాటే అది ఏ ఒక్కరిదీ కాదు, మొత్తం మానవాళిది అని. 1988లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఆస్తులు ఆరోవిల్ ఫౌండేషన్ పేరు మీద ఉంటాయి. అక్కడ ఉండేవాళ్లకి ఇంటి మీద అమ్ముకునే హక్కు ఉండదు. 50,000 మంది కోసం ప్లాన్ వేసిన ఊళ్లో ఇన్నేళ్లకీ ఉన్నది మూడు వేల పైచిలుకే. మరి "ఆరోవిల్ మోడల్, అయిదేళ్లలో రేటు డబుల్" అని ఒకే మీటింగ్‌లో ఎలా చెబుతారు? నేను ఇదే అడిగితే తర్వాత మాట్లాడదామన్నారు.

ఇక కాగితాలు. మాకు ఇచ్చింది సేల్ అగ్రిమెంట్ కాదు, "సభ్యత్వ పత్రం". మానుకోవాలంటే మన స్థానంలో కొత్త సభ్యుడు రావాలి, ఆ మనిషిని కమిటీ ఒప్పుకోవాలి, అప్పుడే డబ్బు. ఎన్నాళ్లలో అన్నది ఎక్కడా లేదు. వాళ్లు గొప్పగా చూపించే బ్రూక్ ఫామ్‌లోనే దీనికి జవాబుంది. 1841లో బోస్టన్ దగ్గర జార్జ్ రిప్లే మొదలుపెట్టిన ఆ ఫామ్‌లో షేరు 500 డాలర్లు, ఏటా అయిదు శాతం వడ్డీ ఇస్తామన్నారు. రచయిత నథానియెల్ హాథార్న్ షేర్లు కొని, పేడ ఎత్తి, కొన్ని నెలలు అక్కడే ఉన్నాడు. సరిపడక వెళ్లిపోయాక తన డబ్బు కోసం చివరికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. రిప్లే మోసగాడు కాదు, మనసా వాచా నమ్మినవాడు. అయినా 1846లో కడుతున్న పెద్ద భవనం కాలిపోయింది. దానికి ఇన్సూరెన్స్ లేదు. మరుసటి ఏడాదికి ఫామ్ మూతపడింది. నిజాయితీపరుడి దగ్గరే డబ్బు వెనక్కి రావడం అంత కష్టమైంది.

స్థలం చూపించమని పట్టుబడితే తీసుకెళ్లారు. బ్రోచర్‌లో ఒకే పచ్చటి ముక్క. అక్కడ చూస్తే మధ్యమధ్యలో వేరేవాళ్ల పొలాలు, దారి కూడా వాళ్ల గట్ల మీదుగానే. నాకు వెంటనే ఫ్రాన్స్‌లో ఇలాంటి ఉమ్మడి ఊరి గురించి ప్రచారం చేసిన ఎతియెన్ కబే మనుషులు గుర్తొచ్చారు. 1848లో ఆయన మాట నమ్మి ఫ్రాన్స్ నుంచి టెక్సాస్ వెళ్లిన మొదటి జట్టుకి పది లక్షల ఎకరాలన్నారు. తీరా చూస్తే చదరంగం గళ్లలా విడివిడి ముక్కలు, జూలై 1 లోపు గుడిసె వేసుకుంటేనే దక్కుతాయన్న షరతు. జ్వరాలతో కొందరు చనిపోయారు, మిగిలినవాళ్లు అదే ఏడాది వెనక్కి నడిచారు.

టాల్‌స్టాయ్ ఫామ్ పేరు ఎత్తడం మరీ అన్యాయం. 1910లో జొహన్నెస్‌బర్గ్ దగ్గర ఆ 1,100 ఎకరాలను గాంధీగారి స్నేహితుడు కాలెన్‌బాక్ సత్యాగ్రహుల కుటుంబాలకి అద్దె లేకుండా ఇచ్చాడు. మన పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు దానంగా ఇచ్చారు. అక్కడ భూమి ఉన్నవాడు ఇచ్చాడు. ఇక్కడ భూమి పేరు చెప్పి జీతగాళ్ల దగ్గర పుచ్చుకుంటున్నారు.

ఎవరైనా ఇలాంటిది అమ్మజూపితే ముందు రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఔట్‌కి రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. ఈ రూల్స్ గురించి అడిగినప్పుడే వాళ్లు "ఇది ప్లాటు కాదు, సభ్యత్వం" అంటారు. ఆ మాట వినగానే ఆగిపోండి. పట్టా, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తమిళంలో ఉంటాయి. వాళ్లు చదివి వినిపిస్తే నమ్మొద్దు, మీకు తెలిసిన తమిళ లాయర్‌తో చదివించుకోండి. మాకు చూపించిన పట్టా మీద సంస్థ పేరే లేదు, ఆ సంగతి లాయర్ చూసేదాకా తెలియలేదు.

ఇప్పటికే కట్టినవాళ్లు రసీదు, బ్రోచర్, వాట్సాప్ మెసేజ్‌లు దేన్నీ చెరపకండి. డబ్బు వెనక్కి కావాలని రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో లెటర్ పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. మేం కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్లాం. మా రసీదు మీద "విరాళం" అని రాశారు. మీ రసీదు మీద కూడా అలాగే ఉంటే ఆ కాగితం ముందుగా లాయర్‌కి చూపించండి. మా కేసులో వాళ్ల వాదనంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.