ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఉందేమో అంటే కాలి మీద పెట్టే ప్రోబ్: ఎనిమిది నెలలు వాడాక

"నాన్నకి ఊపిరాడట్లేదంటే కాలు నొక్కుతారేంటి సార్?" అన్నాడు పెద్దాయన కొడుకు, కోపంగానే. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన పన్నెండో రోజు, బాత్రూంకి వెళ్లొచ్చి మంచం మీద కూర్చోగానే ఆయాసం, ఒళ్లంతా చెమటలు, బీపీ పైది 84. సీటీ మా నర్సింగ్ హోంలో లేదు, రెండు వీధుల అవతలుంది, ఆ స్థితిలో అంబులెన్స్ ఎక్కిస్తే దారిలోనే ఏమవుతుందోనని నాకే భయం. కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకి చేరిందేమోనని అనుమానం, అందుకే ఫోన్‌తో పనిచేసే చిన్న అల్ట్రాసౌండ్ ప్రోబ్ తగిలించి గజ్జల్లో పెట్టి నొక్కాను. మామూలు సిరైతే నొక్కగానే అణిగిపోయి తెరమీద కనబడకుండా పోతుంది, ఈయనది ఎంత నొక్కినా గుండ్రంగా అలాగే ఉంది. గుండె మీద పెడితే కుడి వెంట్రికల్ (కింది గది) ఉబ్బి, మధ్య గోడని ఎడమవైపుకి నెట్టేస్తోంది. సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడి రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారిన్ మొదలుపెట్టాం. మర్నాడు బీపీ నిలబడ్డాక సీటీ యాంజియో (రక్తనాళాలు చూపే సీటీ) చేయిస్తే రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు. మొత్తం చూడ్డానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, కొన్న డబ్బు ఆ రాత్రే వసూలైందనిపించింది.

2017లో అమెరికాలో బటర్‌ఫ్లై ఐక్యూ అనే చిప్‌తో పనిచేసే ప్రోబ్‌కి అనుమతి వచ్చినప్పటి నుంచీ ఈ చిప్ రకం ప్రోబ్‌ల మీద నా కన్నుంది. నేను కొన్నది వేరే కంపెనీది, పేరెందుకులెండి. సుఖమేంటంటే కాలికొకటి గుండెకొకటి అని ప్రోబ్‌లు మార్చక్కర్లేదు, సెట్టింగ్ మారిస్తే చాలు.

ఇక సేల్స్ వాళ్లు నోరెత్తనిది. ఇది ఊపిరితిత్తుల్లో గడ్డని నేరుగా చూపించదు. అల్ట్రాసౌండ్ గాలిని దాటి వెళ్లలేదు, ఊపిరితిత్తి నిండా ఉండేది గాలే. కాబట్టి మనం చూసేది గడ్డ బయల్దేరిన చోటు, అంటే కాలు, తర్వాత దాని దెబ్బ తగిలిన చోటు, అంటే గుండె. రెండూ బాగున్నా లోపల చిన్న గడ్డ ఉండొచ్చు. గర్భం రాకుండా మాత్రలు వాడుతున్న ఒకమ్మాయి, ఊపిరి పీలిస్తే పక్కలో పొడిచినట్టుందని వచ్చింది, బీపీ బాగుంది, కాలూ గుండే శుభ్రంగా కనబడ్డాయి. రక్తపరీక్షలో డీ-డైమర్ (గడ్డ ఉంటే పెరిగేది) ఎక్కువుందని సీటీకి పంపాను కాబట్టి సరిపోయింది, గడ్డ దొరికింది. ప్రోబ్‌ని నమ్మి ఇంటికి పంపేసి ఉంటే? ఇప్పటికీ తల్చుకుంటే టెన్షనే.

చిరాకులు కూడా ఉన్నాయి. పావుగంట ఆపకుండా వాడితే వేడెక్కి తనంతట తనే ఆగిపోతుంది, లావుగా ఉన్నవాళ్లలో గుండె బొమ్మ మసగ్గా వస్తుంది, పైగా ఏటేటా యాప్‌కి చందా కట్టాలి. వస్తువు కొన్నాక మళ్లీ అద్దె ఏంటో నాకర్థం కాదు.

కొనాలనుకునే డాక్టర్లు ముందు పీసీపీఎన్‌డీటీ (కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకుండా ఆపే చట్టం) రిజిస్ట్రేషన్ చూసుకోండి. ఎంత చిన్నదైనా చట్టం లెక్కలో ఇది అల్ట్రాసౌండ్ మెషీనే, రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు, కొనకూడదు. మొబైల్ మెడికల్ యూనిట్ సంగతి వేరు గానీ, మనలాంటివాళ్లు రిజిస్టరైన ఆస్పత్రిలో, అదీ అడ్మిటైన పేషెంట్లకే వాడాలి. మొన్న మా వీధి మాస్టారు "అమ్మ కాలు వాచింది, ఆ ఫోన్ మెషీన్ తీసుకుని ఒక్కసారి ఇంటికి రాకూడదా బాబూ" అన్నారు. అది గేటు దాటకూడదు మాస్టారూ, అమ్మనే ఇక్కడికి తీసుకురండి, అడ్మిట్ చేసుకుని చూస్తాను అన్నాను.