నెల్లూరు రొట్టెల పండుగ: బోర్డు నమ్మి పడ్డ పాట్లు

మోకాళ్ల నొప్పులు తగ్గడానికి ఈ పండుగలో ఆరోగ్య రొట్టె పట్టుకోవాలని, అంటే కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె అందుకోవాలని మా అత్తయ్య కోరిక. అందుకే మొహర్రం నెలలో ఒంగోలు నుంచి కారులో నెల్లూరు బయలుదేరాం. రెండున్నర గంటల ప్రయాణం హాయిగా సాగింది.

ఊళ్లోకి మలుపు తిరిగేచోట పెద్ద ఎలక్ట్రానిక్ బోర్డు కనిపించింది. పచ్చని అక్షరాలతో ‘పార్కింగ్ ఖాళీలు 212’ అని, కింద బాణం గుర్తు. ఎవరినైనా అడిగి వెళ్దామని మా ఆవిడ అంది. యంత్రం లెక్కపెట్టి చెబుతుంటే ఇంకొకరిని అడగడం ఎందుకని నేను కారు అటే తిప్పాను. ఆ సందులో నలభై నిమిషాలు ఇరుక్కుపోయాం. అత్తయ్య కాళ్లు చాపుకోవడానికి చోటు లేక మూలుగుతూనే ఉంది. మా ఆవిడ నాతో మాట్లాడడం మానేసింది.

తీరా గేటు దగ్గరికి వెళ్తే, మధ్యాహ్నమే నిండిపోయిందన్నాడు అక్కడున్న కుర్రాడు. వెనక్కి తిరగడానికి దారి లేదు. లోపలికి వెళ్లి అవతలి గేటులోంచి బయటపడడానికే వంద రూపాయలు తీసుకున్నాడు. బోర్డులో ఖాళీలున్నాయని ఎందుకు వేశారని నిలదీస్తే టికెట్ యంత్రం వైపు చూపించాడు. కాగితం చుట్ట అయిపోయి దాని మీద ఎర్రదీపం వెలిగి ఆరుతోంది. పొద్దున పదకొండు నుంచీ చేతిరసీదులే ఇస్తున్నారట. టికెట్ అచ్చయితేనే ఒక బండి లోపలికి వచ్చినట్టు లెక్క. బయటికి వెళ్లే గేటులో మాత్రం కెమెరా ప్రతి బండినీ లెక్కపెడుతోంది. వచ్చేవి లెక్కలోకి రావు, పోయేవి వస్తాయి. నేను చూస్తుండగానే గేటు మీది చిన్న తెరలో 212 కాస్తా 219 అయింది. ఒక కాగితం చుట్ట మార్చే మనిషి లేకపోతే అంత పెద్ద బోర్డు పెట్టి ఏం లాభం? బోర్డే లేకపోతే నాలుగు చోట్ల అడిగి వెళ్లేవాళ్లం. చివరికి కారు దూరంగా ఒక ఖాళీ స్థలంలో పెట్టి, ఆటోకు 150 ఇచ్చి పండుగ జరిగే స్వర్ణాల చెరువు చేరాం.

లాడ్జి సంగతీ ఇలాంటిదే. ముందురోజు ఫోను చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ రికార్డు చేసిన గొంతు రెండు పడకల గది 1,800 అని చెప్పింది. కౌంటరులో 3,200 కట్టమన్నారు. పండుగ రోజుల ధర ఆ రికార్డులో చేర్చలేదట. కట్టక తప్పలేదు. మీరు వెళ్తే మనిషి గొంతు వినపడేదాకా ఫోను పెట్టేయకండి. ధరను మెసేజ్‌లో రాయించుకోండి.

చెరువు దగ్గర మాత్రం మనసు కుదుటపడింది. బారాషహీద్ దర్గా పక్కన మోకాలి లోతు నీళ్లలో జనం కిటకిటలాడుతున్నారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు. ఎవరి చేతిలో ఏ రొట్టె ఉందో వాళ్లే కేకవేసి చెబుతున్నారు: విద్యా రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె. అయిదు నిమిషాల్లో ‘ఆరోగ్య రొట్టె’ అనే పిలుపు వినపడింది. నడివయసు ముస్లిం మహిళ ఒకావిడ తడిచేత్తో రొట్టె తుంచి అత్తయ్య కొంగులో పెట్టింది. నిరుడు తన భర్త గుండె ఆపరేషన్ కోసం పట్టుకున్నానని, ఆయన ఇప్పుడు గట్టు మీదే కూర్చున్నాడని చూపించింది. అత్తయ్య ఆమె చేతులు వదల్లేదు.

రాత్రి మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసుతో భోజనం, మనిషికి 220. మా ఆవిడ మళ్లీ మాట్లాడింది అక్కడే. నొప్పులు తగ్గితే వచ్చే ఏడాది ఇదే చెరువులో మనమూ రొట్టె ఇవ్వాలి కదా, రైల్లో వద్దాం అంది.