నాక్స్‌విల్ బాడీ ఫార్మ్: ఇక్కడి లెక్కల్లో ఏది మన దగ్గర పనికొస్తుంది?

బాడీ ఫార్మ్ అంటే దానంగా వచ్చిన శవాలను ఆరుబయట ఉంచి, అవి ఎలా కుళ్ళుతాయో గమనించే పరిశోధన స్థలం. ఇది తిరిగి చూసి వచ్చే చోటు కాదు. సందర్శకులను లోపలికి రానివ్వరు. అమెరికాలో టెనెసీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ వెనక, ముళ్ళతీగ చుట్టిన కంచె లోపల సుమారు రెండున్నర ఎకరాల చెట్ల నేల. పరిశోధకులు, విద్యార్థులు, శవాల వెలికితీతలో శిక్షణకు వచ్చే పోలీసులు మాత్రమే అడుగుపెడతారు. మన ఫోరెన్సిక్ విద్యార్థులకు ఇది చేరేది పరిశోధన పత్రాల్లోనే కాబట్టి, ఈ సమీక్ష వాళ్ళ కోసం.

దీని పుట్టుకకు కారణం ఒక పొరపాటు. 1977లో అదే యూనివర్సిటీ ఫోరెన్సిక్ మానవ శాస్త్రవేత్త విలియం బాస్ ఒక మృతదేహాన్ని చూసి, చనిపోయి ఏడాదికి మించదన్నారు. తీరా అది 1864లో అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన కల్నల్ షైది. శవానికి రసాయనాలు పట్టించి, గాలి చొరని ఇనప పెట్టెలో పెట్టడంతో కండ చెడలేదు. ఆ తప్పును ఒప్పుకుని, 1981లో ఆయన ఈ స్థలంలో మొదటి శవాన్ని ఉంచారు. దాని నంబరు 1-81. పేరు బదులు నంబరు వాడే పద్ధతి అలా మొదలైంది.

ఇక్కడి అసలు బలం ఒక్కటే: ప్రతి శవానికీ మొదటి రోజు, అంటే చనిపోయిన రోజు, ఏదన్నది తెలుసు. కేసుల్లో దొరకనిది అదే. ఎండలో, నీడలో, బట్టలతో, లోతులేని గోతిలో, కారులో ఉంచి మార్పులు నమోదు చేస్తారు. చివరికి ఎముకలు కడిగి పెట్టెల్లో భద్రపరుస్తారు. వయసు, లింగం తెలిసిన ఆ అస్థిపంజరాలు వెయ్యికి పైగా ఉన్నాయి. ఈ సంపద కోసమైనా ఇది గొప్ప చోటు. దేహదానానికి షరతులున్నాయి: హెచ్ఐవీ, హెపటైటిస్ వంటి అంటువ్యాధులుంటే తీసుకోరు. వంద మైళ్ళ లోపల అయితే వాళ్ళే వచ్చి తీసుకెళతారు, అంతకు దూరమైతే రవాణా ఖర్చు కుటుంబానిదే.

ఇక లెక్క. శవం కుళ్ళిన తీరును బట్టి చనిపోయి ఎన్నాళ్ళైందో అంచనా వేసే, 2005లో వచ్చిన స్కోరు పద్ధతి చాలామందికి తెలుసు: తల, మొండెం, కాళ్ళూచేతులకు విడివిడిగా మార్కులు వేసి కూడితే 3 నుంచి 35 దాకా వస్తుంది. ఆ మొత్తాన్ని దానితోనే గుణించి, 0.002తో హెచ్చించి, 1.81 కలిపితే డిగ్రీ-రోజుల లాగరిథమ్ (ఆధారం 10) దొరుకుతుంది. డిగ్రీ-రోజులంటే ఒక్కో రోజు సగటు ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో కూడుతూ పోతే వచ్చే మొత్తం. స్కోరు 20 అయితే సుమారు 407 డిగ్రీ-రోజులు. రోజు సగటు 33 డిగ్రీలుండే మే నెలలో అది 12 రోజులు, 4 డిగ్రీల చలికాలంలో 100 రోజులు. కానీ సూత్రంతో పాటే ప్లస్ ఆర్ మైనస్ 388 డిగ్రీ-రోజులు అని, అంచనా అటూఇటూ ఎంత తప్పవచ్చో చెప్పే ఒక అంకె ఉంది. అంటే అదే మే నెలలో అర రోజు నుంచి 24 రోజుల దాకా! కోర్టులో ‘12 రోజులు’ అని ఒకే అంకె చెప్పడం ప్రమాదం. పైగా ఆ సూత్రం 68 కేసుల మీద కట్టింది, ఇక్కడి శవాల మీద కాదు. దాన్ని నిలిపి పరీక్షించగలిగేది మాత్రం మొదటి రోజు తెలిసిన ఇలాంటి చోటే.

ఉష్ణోగ్రత దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. విమానాశ్రయంలోని వాతావరణ స్టేషన్ లెక్కను నేరుగా వాడకూడదు. శవం దొరికిన చోట లాగర్‌ను (ఉష్ణోగ్రతను దానంతటదే నమోదు చేసే పరికరం) నీడలో పెట్టి, 5 నుంచి 10 రోజులు గంటగంటకూ రికార్డు చేసి, అదే రోజుల స్టేషన్ లెక్కతో పోల్చి, ఆ తేడాను వెనకటి రోజులకు సవరించాలి. లాగర్ మీద ఎండ పడితే అంకెలన్నీ పైకి పోతాయి. శవం మీద ఈగ పురుగులు (లార్వాలు) గుంపుగా ఉన్నచోట వేడి చుట్టూ ఉన్న గాలికంటే చాలా ఎక్కువ, కాబట్టి గుంపు మధ్య ఉష్ణోగ్రత వేరుగా రాయాలి.

ఈ పురుగుల వయసును బట్టి కూడా చనిపోయి ఎన్నాళ్ళైందో లెక్కిస్తారు. వాటిలో సగాన్ని బతికుండగానే పెంచడానికి తీసుకోవాలి. మిగతా సగాన్ని సుమారు 80 డిగ్రీల వేడినీళ్ళలో అర నిమిషం ఉంచి, ఆ తర్వాత 80 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. బతికున్నవాటిని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుని నల్లబడతాయి, పొడవు తగ్గి వయసు తక్కువగా తేలుతుంది.

లోపాలూ చెప్పాలి. దాతల్లో వృద్ధులైన తెల్లవారే ఎక్కువ. ఏళ్ళ తరబడి ఒకే నేలలో శవాలు ఉంచితే మట్టి, కీటకాలు మామూలు చోటిలా ఉండవు. టెక్సాస్‌లోని 26 ఎకరాల కేంద్రంలో రాబందులు కొన్ని గంటల్లోనే శవాన్ని ఎముకలు చేసేస్తాయి. నాక్స్‌విల్ అంకెలు టెక్సాస్‌కే సరిపోనప్పుడు, గోదావరి ఉక్కపోతకు ఎలా సరిపోతాయి? మన దగ్గర ఇంకో చిక్కు: క్రైసోమయా రూఫిఫేసీస్ అనే ఈగ లార్వాలు ఒళ్ళంతా ముళ్ళలాంటి బుడిపెలతో ఉండి, తమకంటే ముందొచ్చిన లార్వాలను తినేస్తాయి. అవి కనిపిస్తే శవం మీద ఉన్నవాటితో వయసు లెక్క ముగించకుండా, చుట్టూ కొన్ని మీటర్ల దాకా పై మట్టిని జల్లెడ పట్టి, ముందొచ్చినవి వదిలిన ఖాళీ ప్యూపా తొడుగుల (లార్వా ఈగగా మారి బయటికొచ్చాక మిగిలే గూళ్ళ) కోసం వెతకాలి.