శ్రీలంక దోస్తును సాగర్ తీసుకెళ్తే లాడ్జీలో జరిగింది ఇదీ

నల్గొండ వాళ్లకు నాగార్జునసాగర్ అంటే గేట్లు ఎత్తారని తెలియగానే వెళ్లి, చేపలు తిని వచ్చే ఊరు. హైదరాబాద్‌లో నాతో పీజీ చదివే శ్రీలంక దోస్తుకు అది విజయపురి. ఇక్ష్వాకుల రాజధాని, దేశదేశాల భిక్షువులు వచ్చి చదువుకున్న చోటు. దసరా సెలవులకు మా ఇంటికొచ్చిన ఆమెను తీసుకుని, తమ్ముణ్ని తోడు పెట్టుకుని ఒక్క రోజు ప్రయాణానికి బయల్దేరాను. చూసినవన్నీ బాగున్నాయి. కానీ ముందు లాడ్జీ సంగతి చెప్పాలి, ఇప్పటికీ కోపం తగ్గలేదు.

పొద్దున్నే నల్గొండలో బస్సెక్కి హాలియా మీదుగా వెళ్లాం. నాకు జీరో టికెట్, వాళ్లిద్దరికీ డబ్బులు పెట్టి కొన్నాం. ప్రయాణం గురించి అంతకంటే చెప్పేదేమీ లేదు.

సామాను పెట్టుకోవడానికి, సాయంత్రం స్నానం చేసి బస్సెక్కడానికి పగటిపూటకు ఒక గది ముందే ఫోన్‌లో మాట్లాడాను. 1,200 అన్నారు, 500 అడ్వాన్సు ఫోన్‌పే చేశాను. శ్రీలంక అమ్మాయి వస్తోందని కూడా చెప్పాను, "ఏం ప్రాబ్లం లేదు మేడమ్" అన్నారు. తీరా వెళ్లాక, కౌంటర్‌లో ఉన్నాయన మా ఆధార్‌లు తీసుకుని, ఆమె పాస్‌పోర్టు చూడగానే పుస్తకం మూసేశాడు. "ఫారిన్ వాళ్లకు ఇయ్యం. పోలీసులతోని లొల్లి."

విదేశీయులకు గది ఇవ్వకూడదని రూలేమీ లేదు. వాళ్లు దిగితే 24 గంటల్లోపు వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, అంతే. లాడ్జీల వాళ్లు ఫారం-సి అనేది దాన్నే. ఆ మాటే చెప్తే, "మాకు అవన్నీ రావు" అన్నాడు. రాకపోతే డబ్బులెందుకు తీసుకున్నట్టు? అడ్వాన్సు తిరిగి ఇమ్మంటే నాన్ రిఫండబుల్ అన్నాడు. నలభై నిమిషాలు గొడవ పడితే 300 వెనక్కి వచ్చాయి. మిగతా 200 బుకింగ్ చార్జీ అట! తమ్ముడు గొంతు పెంచాడు. ఆమె మాత్రం పాస్‌పోర్టు బ్యాగులో పెట్టుకుని, "నా వల్ల మీకు ఇబ్బంది, నాకు గది వద్దు" అంది. ఇంటికి పిలుచుకున్న మనిషి చేత ఆ మాట అనిపించారన్నదే నా బాధ. 200 పోతే పోయాయి.

ఆ గొడవలో నాగార్జునకొండ దీవికి వెళ్లే పొద్దుటి లాంచీ వెళ్లిపోయింది. తర్వాతిది జనం నిండేదాకా కదల్లేదు. అక్కడి మ్యూజియం దగ్గర మాత్రం ఆమె పాస్‌పోర్టు చూపిస్తే మారుమాట లేకుండా మాకిచ్చిన ధరకే టికెట్ ఇచ్చారు. పురావస్తు శాఖ చోట్ల శ్రీలంక లాంటి సార్క్ దేశాల వాళ్లకూ మన ధరే. ఇది చాలామందికి తెలియదు, అడిగి తీసుకోండి. శుక్రవారం మాత్రం వెళ్లకండి, మ్యూజియానికి సెలవు.

డ్యామ్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగేలోపు, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. దొరికిన కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి తెచ్చి కొండ మీద మళ్లీ నిలబెట్టారు. ఆ రాళ్ల మధ్య కూర్చుని ఆమెకు బోధిసిరి కథ చెప్పాను. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి పాలన 14వ ఏట బోధిసిరి అనే ఉపాసిక తంబపణ్ణి, అంటే శ్రీలంక ఆచార్యుల కోసం ఇక్కడ చైత్యం కట్టించిందని ప్రాకృత శాసనం ఉంది. సింహళ విహారం పేరు కూడా అందులో వస్తుంది. ఒకప్పుడు లంక భిక్షువులకు నివాసం ఉన్న ఊరిది. అదే ఊళ్లో లంక పిల్లకు పూటకు గది దొరకలేదంటే నాకు సిగ్గేసింది. ఆమె మాత్రం అప్పటికి తేరుకుంది, ఆ శాసనం గురించి ప్రశ్న మీద ప్రశ్న వేసింది.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్‌లో తిన్నాం. ప్లేటు 150, చేపల పులుసుతో. ఫ్రై 120. నడిపే ఆవిడ, "మీ దిక్కు చేపలు ఎట్ల వండుతరు బిడ్డా?" అని అడిగింది. అక్కడ పులుపుకు గొరక వేసి అంబుల్ తియల్ చేస్తారని మా దోస్తు చెప్తే, ఎన్ని రోజులు నిల్వ ఉంటుందో కూడా అడిగి తెలుసుకుని, అడక్కుండానే ఇంకో ముక్క వేసింది. మా సామానంతా సాయంత్రం దాకా వంటింటి పక్కన ఉంచుకుంది, పైసా తీసుకోలేదు. పొద్దున్నే ఇక్కడికి వచ్చి ఉంటే ఆ లాడ్జీ గడప తొక్కే పని ఉండేది కాదు.

అనుపుకు ఆటో వెయ్యి అడిగాడు, మా ఇంగ్లిష్ విని అనుకుంటా. తమ్ముడు మాట్లాడితే 700కి వచ్చాడు, గంట ఆగాడు కూడా. మెట్ల మెట్ల రంగస్థలం అక్కడ ఉంది. విశ్వవిద్యాలయం శిథిలాలని చూపించేవి కూడా అక్కడివే. పైమెట్టు మీద కూర్చుంటే కింద మాట్లాడింది స్పష్టంగా వినిపిస్తుంది. నీడ లేదు, నీళ్లు తీసుకెళ్లండి.

సాగర్‌లోని బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం 274 ఎకరాలు, మాకు మిగిలింది అరగంట. శ్రీలంక నుంచి కానుకగా వచ్చిన, అక్కడి ఔకన బుద్ధ విగ్రహం 27 అడుగుల ప్రతిరూపం ముందు ఆమె వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. మిగతాదేదీ చూడలేకపోయాం. పొద్దున పోయిన ఆ నలభై నిమిషాలు, పోయిన లాంచీ ఇక్కడ గుర్తొచ్చాయి.

విదేశీ దోస్తులతో వెళ్లేవాళ్లు గది ఉందా అని మాత్రమే అడగకండి. విదేశీయుల వివరాలు మీరే ఆన్‌లైన్‌లో పంపుతారా అని అడగండి. జవాబు వాట్సాప్‌లో రాయించుకున్నాకే అడ్వాన్సు పంపండి. నసిగితే ఇంకో చోటు చూసుకోండి.