పునర్జన్మ ధారావాహిక: వెంటవెంటనే చదవాలా, ముగిశాక చదవాలా?

జపాన్‌లో 2004లో మొదలైన ‘షోసెత్సుకా ని నరో’ అనే, రచయితలు నవలలను భాగాలుగా పెట్టే ఆన్‌లైన్ వేదికపై పునర్జన్మ నవలలను ఎలా చదివినా రుసుము ఉండదు. తేడా అంతా ఓపికలోనూ, స్పందనకు దక్కే విలువలోనూ ఉంది.

ఒక్కో భాగం రాగానే వెంటవెంటనే చదివితే, మరో లోకంలో పుట్టిన కథానాయకుడి తొందరపాటుపై మన అభ్యంతరం తరువాతి భాగం రాయకముందే రచయితకు చేరవచ్చు. పాఠకుడు పెట్టే బుక్‌మార్క్‌కు 2 పాయింట్లు, ఇచ్చే రేటింగుకు గరిష్ఠంగా 10 పాయింట్లు కలిసి నవలను ర్యాంకింగులో పైకి తెస్తాయి. రచయిత మధ్యలో ఆపేస్తే మాత్రం కథ అక్కడే నిలిచిపోతుంది, అది చిన్న నష్టం కాదు.

ముగిశాక చదివితే ఆ భయం లేదు, పాత్రల పేర్లూ మరుపుకు రావు. కానీ మన మాట కథను మార్చలేదు.

కొత్త రచయితకు తొలి స్పందనలే ఊతం కనుక, అక్కడ వెంటవెంటనే చదవడమే మేలని నా గట్టి నమ్మకం. తీరిక తక్కువైనవారికి, మలుపు కోసం ఎదురుచూడలేనివారికి పూర్తయిన నవలే తగినది.