భీమవరంలో కౌన్సెలింగ్: ఖాళీ టైం గురించి అడిగే మేడం గారు

మా ఆయనకి ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువులు. రాత్రుళ్ళు కరెంటు పోయి ఏరేటర్లు (చెరువు నీళ్ళకి గాలి అందించే మిషన్లు) ఆగుతాయేమో అని నిద్ర లేదు, ఊరికే చిరాకు, ఎవరితోనూ మాట్లాడరు, సరే అని ఈ కౌన్సెలర్ గారి దగ్గరకి తీసుకెళ్ళా. మేడం ముందు లీజర్ స్టడీస్ చెప్పేవారంట, అంటే జనం ఖాళీ టైం ఎలా గడుపుతారు అనే సబ్జెక్టు (ఇలాంటిది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలీదు), తర్వాత కౌన్సెలింగ్ చదివి ఇప్పుడు రెండూ కలిపి చేస్తున్నారు.

కూర్చోగానే "ఖాళీ దొరికితే ఏం చేస్తారండీ?" అన్నారు. ఈయనేమో "చెరువుల మీద ఖాళీ ఏంటండీ బాబూ". ఒక షీట్ ఇచ్చారు, గంట గంటకీ ఏం చేశామో రాసి మూడ్‌కి పదికి మార్కులు వేసుకోవాలి. 1970ల్లో లూయిన్‌సన్ అనే సైకాలజిస్టు చెప్పిన లైనే ఇది, నచ్చిన పనులు తగ్గితే దిగులు పెరుగుద్ది, దిగులు పెరిగితే ఆ పనులు ఇంకా తగ్గుతాయి. టీవీ ముందు పడుండటం వేరు, కష్టపడి నేర్చుకున్న సరదా వేరు అని కూడా చెప్పారు, ఆ నేర్చుకున్న సరదానే 1982లో స్టెబిన్స్ అనే సోషియాలజిస్టు సీరియస్ లీజర్ అన్నాడు. షీట్‌లో మార్కులు లేచింది ఒక్కచోటే, నాటకం పద్యాలు పాడుకున్న పూట. అటక మీంచి హార్మోనియం దింపాం, దుమ్ము పట్టి రెండు మెట్లు పలకట్లేదు, అయినా వాయిస్తున్నారు.

మైనస్ ఏంటంటే పార్టిషన్ పల్చన, పక్కవాళ్ళ గొడవంతా మనకి వినపడుద్ది, ఇలాంటి చోట అది చాలా తప్పండీ. మందులు ఈవిడ రాయరు, నిద్ర కోసం సైకియాట్రిస్ట్ దగ్గరకి పంపారు, అది నాకు నచ్చింది. అర్జెంటైతే టెలి మానస్ అనే గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేయండి, ఫ్రీయే, తెలుగులో మాట్లాడతారు. నాలుగు స్టార్లు, ఒకటి పార్టిషన్‌కి కట్.