బరంపురంలో కిరాయికి దొరికే ‘యుద్ధకాలపు అమెరికా హైస్కూలు’ పెట్టె: ఏది వాడాలి, ఏది దిద్దుకోవాలి

ఎగ్జిబిషన్ల రోజులు రాగానే బరంపురంలో బోధనోపకరణాలు అమ్మే దుకాణంలో ఈ పెట్టెకు గిరాకీ మొదలవుతుంది. కిరాయి రోజుకు 150 రూపాయలు, డిపాజిట్ 1,000. పర్లాకిమిడి, గుణుపురం బడులకు బస్సులో వేసి పంపుతారు, ఆ ఖర్చు మనదే. రేషన్ పుస్తకాల నకళ్లు, వార్ స్టాంపుల (యుద్ధ ఖర్చు కోసం ప్రభుత్వం అమ్మిన పొదుపు స్టాంపుల) ఆల్బమ్‌లు, విమానాల నమూనా షీట్లు, పోస్టర్లు, యుద్ధ అవసరాలకు పిల్లలు ‘పోగుచేసిన సామాన్ల’ సంచులు, ఒక తెలుగు పుస్తకం ఇందులో ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధం అంటే మన పిల్లలకు 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడ్డ బాంబులు తెలుసు. అదే ఏడాది అమెరికాలో పదిహేనేళ్ల పిల్లలు బడిలో ఏం చేస్తున్నారో చేతికి అందించే పెట్టె కాబట్టి తప్పులున్నా తెప్పించుకోవచ్చు. కాకపోతే తెప్పించినవాళ్లు దిద్దుకుని వాడాలి.

అన్నిటికన్నా విలువైనవి రేషన్ పుస్తకాలు. మొదటి పుస్తకం 1942 మేలో చక్కెర కోసం వచ్చింది. జనం దాన్ని బడుల్లోనే, టీచర్ల దగ్గర పేరు రాయించుకుని తీసుకున్నారు. ఆ దరఖాస్తు ఫారం నకలు కూడా పెట్టెలో ఉంది, క్లాసులో ముందు దాన్నే నింపించండి. రెండో పుస్తకంతో 1943 మార్చి నుంచి డబ్బా ఆహారానికి నీలం స్టాంపులు మొదలయ్యాయి, ఆ నెలాఖరు నుంచి మాంసం, వెన్న, నూనెలకు ఎర్ర స్టాంపులు. నీలం స్టాంపుల్లో ఒక్కో అక్షరానికి నాలుగు ఉంటాయి: 8, 5, 2, 1. కలిపితే 16 పాయింట్లు (ఒక్కో సరుకు కొనడానికి ఇన్ని పాయింట్లు అని ఉండేది). ఎ, బి, సి మూడు అక్షరాలకు 48, అదే మనిషికి నెల వాటా. పెట్టెలో ఈ లెక్క తప్పులేకుండా ఉంది.

ఆడించేటప్పుడు మాత్రం పిల్లలంతా ఒకే చోట తడబడతారు. మన డిపోలో రేషన్ కార్డు అంటే తక్కువ ధరకో, ఉచితంగానో వచ్చే సరుకు. అక్కడ స్టాంపు ధర తగ్గించదు. కొనే హక్కు మాత్రమే ఇస్తుంది, డబ్బు వేరే కట్టాల్సిందే. ఈ మాట ముందే చెప్పకపోతే స్టాంపునే నోటు అనుకుని ఆట మొత్తం పక్కదారి పడుతుంది. పెట్టెలో డబ్బు లేదు కాబట్టి కాగితం ముక్కల మీద సెంట్లు రాసి మీరే కలపండి. ఇంకో తిరకాసు ఎర్ర, నీలం టోకెన్లది. పాయింట్ల చిల్లర కోసం ఆ టోకెన్లు 1944 ఫిబ్రవరి చివరలో వచ్చాయి. అప్పటినుంచి స్టాంపు విలువ ఒకటే, 10 పాయింట్లు. 8-5-2-1 స్టాంపులతో టోకెన్లు కలిపి ఆడమని సూచనల కాగితం చెబుతుంది, అది తప్పు. 1943 ఆట ఆడుతుంటే టోకెన్లు తీసేయండి. చిల్లర రాదు కాబట్టి సరిగ్గా సరిపోయే స్టాంపులు ఏరుకోవాలి, ఆటలో పస అంతా అక్కడే ఉంది. స్టాంపు దుకాణదారు కళ్లముందే చించాలి, విడి స్టాంపు చెల్లదు అన్న నిబంధన కూడా పెట్టండి.

నకళ్ల కాగితం పలచన. చిల్లుల గీతలు సగమే పడటంతో లాగితే పక్క స్టాంపు కూడా చిరుగుతుంది. దర్జీలు బట్టమీద గుర్తులు పెట్టే పళ్లచక్రాన్ని స్కేలు ఆనించి గీత వెంట రెండుసార్లు నడపండి, కింద అట్టముక్క వేయండి. తర్వాత ఎటు లాగినా నిటారుగా వస్తుంది.

వార్ స్టాంపుల ఆల్బమ్‌లో వంక పెట్టడానికేం లేదు. 25 సెంట్ల స్టాంపులు 75 అంటిస్తే 18 డాలర్ల 75 సెంట్లు. దాంతో కొన్న బాండు పదేళ్లకు 25 డాలర్లు అవుతుంది. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి 2.9 శాతం. ఎనిమిదో తరగతి లెక్కల టీచరుకు అప్పగించండి.

విమానాల షీట్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 1942 మొదట్లో అమెరికా నేవీ హైస్కూలు పిల్లలను 5 లక్షల నమూనా విమానాలు చేసిపెట్టమని అడిగింది, సైనికులు శత్రువు విమానాన్ని ఆకారంతో గుర్తుపట్టడం నేర్చుకునేందుకు. కొలత 1:72. 35 అడుగుల దూరంలో నమూనాను పట్టుకుంటే, దాదాపు అర మైలు దూరంలో ఎగిరే అసలు విమానంలా కనిపిస్తుంది. అందుకే కొలత తప్పితే వస్తువు పనికిరాదు. పెట్టెలోని షీట్లలో సరిగ్గా అదే తప్పింది. జపాన్ జీరో విమానం రెక్కల నిడివి 12 మీటర్లు. 72తో భాగిస్తే 16.7 సెంటీమీటర్లు రావాలి. షీటు మీద స్కేలు పెడితే 15.5 మాత్రమే ఉంది. ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపడేలా కుదించినట్టుంది. జిరాక్స్ షాపులో 108 శాతానికి పెంచి తీయించండి, ఏ4లోనే పడుతుంది.

పెట్టెలో ఇచ్చిన థర్మాకోల్ దిమ్మలు వాడకండి. స్ప్రే పెయింటు తగలగానే అందులోని ద్రావకానికి థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. బాసికాలకు వాడే బెండు తేలికే గాని, సన్నటి రెక్క అంచు నలిగి రాలుతుంది. వడ్రంగి దగ్గర బూరుగు చెక్క ముక్కలు అడగండి. విమానం ఆకారం మేర ఖాళీ వదిలి అట్టతో కత్తిరించిన నెగటివ్ అచ్చును పొట్ట మీద ఆనించి చూస్తూ గరుకు కాగితంతో రుద్దాలి. అచ్చుకు, చెక్కకు మధ్య వెలుతురు కనిపించకూడదు. రంగు మెరుపు లేని నలుపే వేయాలి. మెరిస్తే కాంతి తిరగబడి అంచు రేఖ చెదిరిపోతుంది, ఆ రేఖనే గదా గుర్తుపట్టాల్సింది.

సంచుల్లో మిల్క్‌వీడ్ దూది పేరుతో ఉన్నది మందుల షాపు దూది. ఇది పెట్టెలో అన్నిటికన్నా పెద్ద లోటు. లైఫ్ జాకెట్లలో నింపే బూరుగు జాతి దూది ఇండోనేషియా దీవుల నుంచి వచ్చేది. జపాన్ వాటిని ఆక్రమించడంతో 1944లో అమెరికా పిల్లలు మిల్క్‌వీడ్ కాయలు పోగుచేశారు, రెండు సంచుల కాయలకు ఒక జాకెట్. ఆ మొక్క మన జిల్లేడు కుటుంబానిదే. ఎండి తనంతట తాను పగిలిన జిల్లేడు కాయ తెచ్చి, గింజలు వేరుచేసి, దూదిని పలచటి గుడ్డసంచిలో కట్టి నీళ్ల తొట్టిలో వేయండి. పక్కనే మందుల షాపు దూది వేయండి. అది నీళ్లు పీల్చుకుని మునుగుతుంది. జిల్లేడు దూది పోగు లోపల బోలు, పైన మైనపు పూత, అందుకే తేలుతుంది. పచ్చి కాయలు కోయనివ్వకండి, పాలు కంట్లో పడితే ప్రమాదం.

పోస్టర్లలో కొన్ని పక్కన పెట్టాలి. కండ చూపిస్తున్న ఎర్ర రుమాలు అమ్మాయి ‘వియ్ కెన్ డూ ఇట్’ బొమ్మను బడి గోడమీద తగిలించినట్టు చూపారు. అది 1943 ఫిబ్రవరిలో వెస్టింగ్‌హౌస్ ఫ్యాక్టరీల్లో మాత్రమే, ఆ సంస్థ పనివాళ్ల కోసం, రెండు వారాలు ఉంది. బడి పిల్లలు చూసింది కాదు. జెండా ప్రమాణం కార్డులో ‘దేవుని ఛత్రం కింద’ అన్న మాట ఉంది, అది 1954లో చేరింది. జెండాలో నక్షత్రాలు 50 వేశారు, అప్పటికి 48.

జెండా కార్డు పక్కనే ఉండాల్సిన విషయానికి పెట్టెలో అరపేజీ కూడా దక్కలేదు. 1942 ఫిబ్రవరి 19 నాటి ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లు వదిలించి శిబిరాలకు తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే. మాంజనార్, టోపాజ్, హార్ట్ మౌంటెన్ శిబిరాల్లో హైస్కూళ్లు నడిచాయి. ముళ్లకంచె లోపల ఆ పిల్లలు ఇదే ప్రమాణం చెప్పారు. అది లేకుండా యుద్ధకాలపు బడి అని చెబితే పిల్లలకు సగమే చెప్పినట్టు. ఒక చార్టు మీరే రాసి గోడకు పెట్టండి.

తెలుగు పుస్తకం అనువాదం దెబ్బతింది. ‘హోమ్ ఫ్రంట్’ అన్నచోటల్లా ‘ఇంటి ముందు’ అని ఉంది. పిల్లలు ముగ్గు, తులసికోట అనుకుంటారు. ‘ఇంటి దగ్గరి యుద్ధం’ అని కొట్టివేసి రాయండి. హైస్కూల్ విక్టరీ కోర్‌ను ‘సైనిక దళం’ అన్నారు. 1942 సెప్టెంబరులో మొదలైన ఆ సంఘంలో చేరడం పిల్లల ఇష్టం. గాలి, నేల, సముద్రం, ఉత్పత్తి, సమాజసేవ అని ఐదు విభాగాలు ఉండేవి. ఆ ఐదు కార్డులు మాత్రం చక్కగా ఉన్నాయి.

కిరాయి రెండు రోజులకు కట్టండి. మొదటి రోజు సాయంత్రం దిద్దుబాట్లకే సరిపోతుంది. పెట్టె తెరవగానే రేషన్ పుస్తకాలు లెక్కపెట్టి, చిరిగినవాటికి ఫోటో తీసి దుకాణదారుకు పంపండి. లేకపోతే మునుపటి బడివాళ్లు చించిన స్టాంపులకు మీ డిపాజిట్‌లో కోత పడుతుంది.